బండికి చోటు

శుక్రవారం పొద్దున సెవ్దా కొట్టంలో చెక్కముక్కలు పరుస్తోంది. మామగారి కాలంలో పొగాకు ఆరబెట్టిన కొట్టం అది. ఇప్పుడు కొండ దాటి పోయే మోటారు సైకిళ్లు రాత్రికి తలదాచుకునే చోటు. అరచెయ్యంత చెక్కముక్క, బండికొకటి. సైడ్ స్టాండు కింద అది పెట్టకపోతే బరువుకి స్టాండు మట్టినేలలో దిగబడి, తెల్లారేసరికి బండి పక్కకి ఒరిగి పడుంటుంది. పడ్డ బండి బాగానే ఉంటుంది గానీ, దాన్ని చూసిన మనిషి మొహం చూడలేం. ఇలాంటి సంగతులన్నీ సెవ్దాకి ఈ రెండేళ్లలోనే తెలిశాయి. బండి మీద వచ్చేవాడు గేటు దగ్గర ఆగి తన పడక గురించి అడగడు. బండి ఎక్కడ పెట్టాలని అడుగుతాడు. దానికి చోటు దొరికాకే వాడికి ఆకలీ చలీ గుర్తొస్తాయి.

తడిసిన చేతితొడుగులు ఆరేయడానికి తాడు బిగించింది. బూట్లలో కుక్కడానికి పాత పేపర్లు కట్టగా పెట్టింది. హెల్మెట్టు అద్దాలకి అంటుకున్న పురుగులు తుడుచుకోవడానికి మొగుడు దెల్చో పాత చొక్కాలు చింపి గుడ్డలు చేసింది. చీపురు తీసుకుని ఊడుస్తూ ఊడుస్తూ పొయ్యి దగ్గరికొచ్చేసరికి ఎప్పట్లాగే ఆమెకి ఒళ్లు మండింది. కొట్టం మొత్తానికి వెచ్చగా, పొడిగా ఉండేది ఆ పొయ్యి పక్క చోటే. అక్కడ కూడా ఒక చెక్కముక్క ఉంది. కానీ ఆమె మొగుడు అక్కడ ఎవరి బండీ పెట్టనివ్వడు. వేసవిలో ఒకసారి కొట్టం నిండిపోతే, ఒక ముసలాయన బండిని కట్టెల పాకలో పెట్టించాడు తప్ప ఆ చోటు మాత్రం ఇవ్వలేదు. ఎందుకయ్యా అంటే, ఉండనీ అన్నాడు. దెల్చో మొండితనం ఊరందరికీ తెలిసిందే కాబట్టి ఆమె కూడా అంతటితో వదిలేసింది. చెక్కముక్క చుట్టూ ఊడ్చి, దాన్ని కదపకుండా లేచింది.

రేపు పోలండు వాళ్లు వస్తున్నారు. ఆరు బండ్లు. వాళ్ల పెద్ద లెషెక్ అనే ఆయన. వాళ్ల సంఘం వాళ్లు ఏటా ఈ కొండల్లోకి జట్లు జట్లుగా వస్తారు. వాళ్ల మజిలీ ఎక్కడో లెషెక్ తిరిగి చూసి తేలుస్తాడు. ఇప్పటిదాకా వాళ్లు దిగేది ఊరి కిందున్న పెద్ద హోటల్లో. అక్కడ గదుల్లో అద్దాలే అద్దాలు, బండ్లు మాత్రం ఆకాశం కింద. లెషెక్‌కి ఈ ఇల్లు నచ్చిందంటే వచ్చే వేసవంతా గదులు ఖాళీ ఉండవు. నచ్చకపోతే, ఈ కొట్టం కోసం తెచ్చిన అప్పు తీర్చడానికి దెల్చో మళ్లీ అడవిలో దుంగలు కొట్టడానికి పోవాలి. పోయినేడే అతని నడుము పట్టేసింది.

గేటు మీద రేకు బోర్డు ఉంటుంది. దాని మీద మోటారు సైకిలు బొమ్మ వేసింది దెల్చోనే. దూరం నుంచి చూస్తే మేకలా ఉంటుంది. అది కడుగుదామని సెవ్దా బకెట్టు తీసుకుని బయటికొచ్చింది. గేటు తీసి, బయటినుంచి మూసి, దాని వైపు తిరిగి చూసిందో లేదో, బకెట్టు చేతిలోంచి జారింది.

గేటుకి చావు కాగితం అంటించి ఉంది.

స్తుదెనా ఊళ్లో చావు కాగితం కొత్తేమీ కాదు. మనిషి పోయిన రోజు, నలభయ్యో రోజు, ఆరు నెలలకు, ఆ తర్వాత ఏడాదికోసారి ఫొటో వేసి, పేరు రాసి ఇంటి గేటుకీ, పని చేసినచోటికీ, బస్సు ఆగేచోటికీ అంటిస్తారు. వాన వచ్చి కరిగిపోయేదాకా పోయినవాళ్లు అట్లా ఊరిని చూస్తూనే ఉంటారు. అయితే అది చావు జరిగిన ఇంటికి అంటించే కాగితం. సెవ్దా ఇంట్లో ఎవరూ పోలేదు. కాగితం మీద ఇరవై దాటిన కుర్రాడు, హెల్మెట్టు చంకలో పెట్టుకుని నవ్వుతున్నాడు. అసేన్. మన మధ్య నుంచి వెళ్లి రెండేళ్లు. కింద రేపటి తేదీ. నిన్ను మరువలేని అమ్మ.

ఎవరీ అబ్బాయి?  మరుక్షణం కోపం వచ్చింది. ఇది హోటల్ వాళ్ల పనే. రేపు బండ్లవాళ్లు వస్తున్నారని తెలిసి, గేటుకి చచ్చిన బండివాడి ఫొటో అంటించి పోయారు. మనుషులు ఇంత దిగజారతారా అనుకుంటూ వంటింట్లోకి పరిగెత్తి కత్తి తెచ్చి, కాగితం అంచు పట్టుకుని గీకింది. జిగురు ఇంకా పచ్చిగానే ఉంది. కాగితం మూల లేచింది. దానితోపాటే గేటు ఆకుపచ్చ రంగు కూడా పెచ్చుగా లేచింది.

ఆ రంగు కింద ఇంకో కాగితం మూల ఉంది.

సెవ్దా కత్తిమొనతో ఇంకాస్త గీకింది. పాత కాగితం, దాని కింద అంతకంటే పాత కాగితం. ఎవరో చింపేయగా మిగిలిన మూలలు, వాటి మీద రంగు. పోయినేడు ఇదే రోజుల్లో, గేటు బాగానే ఉంది కదయ్యా అని ఆమె అంటున్నా వినకుండా పొద్దున్నే డబ్బా తెచ్చుకుని రంగు వేసిన మనిషి ఆమెకి గుర్తొచ్చాడు. ఆమె చేయి ఆగిపోయింది. 

ఎదురింటి తోతా అవ్వ మేకని తోలుకుంటూ వచ్చి, మెడ చాచి చూసింది. "ఈసారి ఒకరోజు ముందే అంటించిందే" అంది, వాన గురించి మాట్లాడినట్టు.

"ఈసారి ఏమిటవ్వా? ముందు కూడా అంటించారా?"

"నీకు తెలీదా?" ముసలామె మేక తాడు చేతికి చుట్టుకుంది. "ప్రతిసారీ అంటిస్తుందమ్మా వాళ్లమ్మ. రొట్టెల వ్యాను తెల్లవారుజామున వస్తుంది కదా, దాంట్లో వచ్చి దాంట్లోనే పోతుంది. మీ ఆయన నువ్వు లేచేలోగా చింపేస్తాడు. మొగుడూ పెళ్లాలు మాట్లాడుకునే చింపుతున్నారనుకున్నాను."

మా గేటుకి ఎందుకు అంటిస్తుందని సెవ్దా అడిగింది. తోతా అవ్వ మేకని రోడ్డు పక్కకి లాగింది. క్వారీ మలుపులో పడిపోయిన లెస్కా ఊరి అబ్బాయి ఇతనేనంది. సెవ్దాకి ఆ ప్రమాదం గుర్తుంది. అప్పుడామె చెల్లెలికి ఆపరేషనని పట్నంలో ఉంది. తిరిగొచ్చాక ఊరంతా చెప్పుకుంటుంటే వింది, అయ్యో పాపం అనుకుంది. ఎవరి బిడ్డో అనుకుంది.

"పడిపోయే ముందు ఆ పిల్లాడు ఈ గేటు దగ్గరే నిలబడ్డాడు" అంది తోతా అవ్వ. "నా కిటికీలోంచి చూశాను. మీ ఆయనతో మాట్లాడాడు. ఫోను మాట్లాడాడు. పోయాడు. ఏం మాట్లాడుకున్నారో వానలో నాకు వినబడలేదు. మీ ఆయన్నే అడుగు తల్లీ, నన్ను మధ్యలో పెట్టకు."

దెల్చో ముందురోజు కొండ అవతల అక్కగారింటికి పైకప్పు పెంకులు సర్దడానికి వెళ్లి, మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. కారులోంచి దిగుతూనే గేటు చూశాడు. సెవ్దా కిటికీలోంచి చూస్తూనే ఉంది. అతను అదిరిపడలేదు, ఎవరు అంటించారని అరవలేదు. భుజాలు దించి, కారు తలుపు పట్టుకుని నిలబడి, "రేపు కదా" అని గొణిగాడు.

ఆ ఒక్క మాట చాలు. అప్పటిదాకా, తోతా అవ్వకి చూపు ఆనదనీ, ఆ వచ్చింది ఇంకెవడో అయ్యుంటాడనీ తనకి తానే సర్దిచెప్పుకుంటోంది సెవ్దా. మొగుడికి తేదీ తెలుసు. పెళ్లాం పుట్టినరోజు ఏనాడూ గుర్తుండని మనిషికి ఈ తేదీ తెలుసు.

భోజనానికి ఇద్దరూ కూర్చున్నారు. చిక్కుడు గింజల పులుసు ఆవిర్లు కక్కుతోంది. ఆ అబ్బాయి మనింటికి వచ్చాడా అని ఆమె అడిగింది. చాలామంది వస్తారన్నాడు. వచ్చాడా లేదా అంది. రొట్టె తుంచాడు గానీ నోట్లో పెట్టుకోలేదు. పడక ఇస్తానన్నాను అన్నాడు. వెళ్లగొట్టలేదు, పడకా ఇస్తానన్నాను, పులుసూ పెడతానన్నాను, వాడే ఉండలేదు. మరి ఎందుకు ఉండలేదంటే మాత్రం దెల్చో లేచి, బకెట్టూ కత్తీ తీసుకుని గేటు దగ్గరికి పోయాడు. ఆమె వెంట వెళ్లింది. అతను తడిగుడ్డతో కాగితాన్ని నానబెట్టి, అలవాటైన చేతుల్తో పై నుంచి కిందికి నెమ్మదిగా గీకాడు. మొదట జుట్టు పోయింది. తర్వాత నవ్వు పోయింది.

"ఆవిడకి మతి చలించింది" అన్నాడు, వెనక్కి తిరగకుండా. "ఎవరో ఒకరి మీద తప్పు వెయ్యాలి కదా. రేపు వాళ్లొచ్చేసరికి గేటు శుభ్రంగా ఉండాలి. నువ్వెళ్లి దుప్పట్లు చూసుకో."

దుప్పట్లు చూసుకోవడానికి సెవ్దాకి చేతులు రాలేదు. కొట్టంలోకి పోయి నిలబడింది. పొద్దున ఊడ్చిన నేలే, పొద్దున కట్టిన తాడే. అన్నీ ఆమెను పరాయిదాన్ని చూసినట్టు చూశాయి. పెళ్లైన నాటి నుంచీ మోటారు సైకిలు చప్పుడు వింటే చెవులు మూసుకునే మనిషి, ఆ అబ్బాయి పోయిన శరదృతువులో ఎవరూ అడక్కుండానే ఈ కొట్టం ఖాళీ చేశాడు. వానలో తడుస్తూ పైకప్పు వేశాడు. గేటు పైన లైటు పెట్టి రాత్రంతా వెలగనిచ్చాడు. వ్యాపారం తెలివి ఇన్నాళ్లకి వచ్చిందని ఆమె మురిసిపోయింది. అక్కచెల్లెళ్ల దగ్గర గొప్పగా చెప్పుకుంది కూడా. 

శనివారం తెల్లారేసరికి దెల్చో గేటు దగ్గర ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడు. పక్కన బకెట్టు, ఒళ్లో కత్తి. రొట్టెల వ్యాను వచ్చింది, దుకాణం దగ్గర రొట్టెలు దించింది, పోయింది. ఎవరూ దిగలేదు. అయినా అతను లేవలేదు. సెవ్దా జున్ను కావాలని చెప్పి, బంగాళదుంప రొట్టె ఒకటి గుడ్డలో చుట్టుకుని, లెస్కాకి పోయే బస్సెక్కింది. దెల్చో బస్సు వైపు చూసి ఏదో అనబోయి మానేశాడు. జున్ను ఇంట్లో ఉందని అతనికీ తెలుసు.

దారిపొడుగునా ఆమె మాటలు కూర్చుకుంది. అమ్మా, మీ బాధ నేను అర్థం చేసుకోగలను. కానీ మాది బతుకుతెరువు. ఈ ఒక్కరోజు వదిలెయ్యండి. మీకు ఏదైనా చెప్పాలనుంటే మా ఇంటికొచ్చి చెప్పండి, గేటుతో చెప్పకండి. చివరి మాట బాగా కుదిరిందని రెండుసార్లు అనుకుంది. క్వారీ మలుపు దగ్గర బస్సు నెమ్మదించింది. అక్కడ రెయిలింగుకి ప్లాస్టిక్ పూలు కట్టి ఉన్నాయి. ఎన్నోసార్లు చూసిన పూలే. ఈసారి చూడలేక తల తిప్పుకుంది.

బేకరీ వెనక సందులో, గేటుకి అదే ఫొటో ఉన్న ఇల్లు. తలుపు తీసే ఉంది. వంటింట్లో అసేన్ తల్లి వెలిచ్కా పొయ్యి ముందు నిలబడి గిన్నెలో మైదా జిగురు తిప్పుతోంది. సన్నటి మనిషి, జుట్టు నున్నగా దువ్వి ముడేసుకుంది. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, ఉడికించిన గోధుమలు ఆరబోసి ఉన్నాయి. సంవత్సరీకానికి పంచే గోధుమలు.

"స్తుదెనా నుంచి వచ్చాను" అంది సెవ్దా. "ఆ ఆకుపచ్చ గేటు మాది."

వెలిచ్కా గరిటె ఆపలేదు. "కూర్చో అమ్మా. ఇప్పుడు వదిలేస్తే ఉండ కడుతుంది."

ఉండ కట్టకుండా దింపాక, ఆమె చేతులు తుడుచుకుని ఎదురుగా కూర్చుంది. "చింపేది నువ్వా, మీ ఆయనా?"

మా ఆయన, అంది సెవ్దా. తెచ్చిన రొట్టె బల్ల మీద పెట్టి, కూర్చుకున్న మాటలు మొదలుపెట్టింది. బాధ అర్థం చేసుకోగలను అన్నప్పుడు తన గొంతు తనకే నచ్చలేదు. బతుకుతెరువు దగ్గరికొచ్చేసరికి నాలుక తడబడింది. ఈ ఒక్కరోజు అని మాత్రం అని ఆగిపోయింది. గేటు గురించి కుదుర్చుకున్న మాట నోట్లోంచి రానే లేదు. బల్ల మీద గోధుమలు చూస్తూ కూర్చుంది.

"మీ ఆయన చెడ్డవాడని నేనెవరితోనూ అనలేదు" అంది వెలిచ్కా. "పడక ఇస్తానన్నాడు. పులుసు పెడతానన్నాడు. బండి మాత్రం గేటు లోపలికి రాకూడదన్నాడు. వాకిట్లో కొత్తగా బండలు పరిచారంట కదా, నూనె మరకలు పడతాయని."

"మీకెలా తెలుసు?"

"వాడు మీ గేటు దగ్గర్నుంచే నాకు ఫోను చేశాడు." వెలిచ్కా ఒక గోధుమగింజని వేలితో పక్కకి జరిపింది. "నవ్వుతూనే చెప్పాడు. అమ్మా, ఇక్కడ నాకు చోటుందంట, బండికి లేదంట, రోడ్డు మీద పెట్టమంటున్నాడు, ఏం చెయ్యనూ అని. ఆ బండి మా తమ్ముడిది. అడిగి తీసుకుపోయాడు. వాన బాగా కురుస్తోందా అని కూడా నేను అడగలేదు. రోడ్డు మీద వదలకురా, పొద్దున్నకి ఉండదు, మామయ్యకి ఏం మొహం చూపిస్తావ్, మెల్లగా ఇంటికొచ్చెయ్ అన్నాను. సరే అన్నాడు. ఎప్పుడూ నా మాట వినేవాడు కాదు. ఆ రోజు విన్నాడు."

 ఈ మనిషి తమ మీద కక్షతో చేస్తోందనుకుంది సెవ్దా. లేదా పిచ్చితో చేస్తోందనుకుంది. ఈ రెండూ కాకుండా మూడోది ఒకటి ఉంటుందని ఆమె కలలో కూడా అనుకోలేదు. ఏదో ఒకటి అనాలి, మీ తప్పేమీ లేదనాలి. కానీ అలా అంటే మొగుడి గురించి కూడా అదే మాట అన్నట్టవుతుంది. 

"ఈ ఇంటి గేటుకి వాడికోసం అంటిస్తాను" అంది వెలిచ్కా. "మీ గేటుకి నాకోసం అంటిస్తాను. వాణ్ణి పొమ్మన్న ఇద్దరం ఆ గేటు దగ్గరే ఉన్నాం. మీ ఆయన ఎదురుగా ఉన్నాడు, నేను ఫోన్లో ఉన్నాను. మా వాళ్లెవరికీ ఈ సంగతి తెలీదు. ఎక్కడో ఒకచోట నిలబడి ఒప్పుకోవాలి కదమ్మా. మీ ఆయన దాన్ని కూడా చింపేస్తాడు."

 మీరు ఇవాళ నాతో మా ఇంటికి రావాలి అంది సెవ్దా. ఎందుకని అడిగితే, చెప్పడం నాకు రాదు, వచ్చి చూడాలి అంది. వెలిచ్కా ఆమె మొహంలోకి చూసి, మారుమాట్లాడకుండా లేచి, గోధుమల్లో చక్కెర కలిపింది. జిగురు సీసాలో పోసింది.

బస్సులో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. గోధుమల గిన్నె వెలిచ్కా ఒళ్లో, జిగురు సీసా సెవ్దా ఒళ్లో. సగం దారిలో వాన అందుకుంది.

వాళ్లు దిగేసరికి దెల్చో గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. నిన్న చింపగా మిగిలిన ముక్కలు కూడా కనబడకూడదని వానలోనే గీకుతున్నాడు. గేటు అంతా గాట్లు పడ్డాయి. పెళ్లాన్ని చూసి, జున్ను దొరికిందా అనబోయాడు. పక్కనున్న మనిషిని చూశాడు. ఆమె ఎవరో అతనికి చెప్పక్కర్లేకపోయింది. కత్తి పట్టుకున్న చేయి వీపు వెనక్కి పోయింది.

వెలిచ్కా అతన్ని పలకరించలేదు. గేటు మీద మిగిలిన ముక్కని చూసింది. ఒక భుజం, హెల్మెట్టు అంచు. గిన్నె సెవ్దా చేతికిచ్చి, సంచిలోంచి కొత్త కాగితం తీసింది. వెనక జిగురు రాసి, గేటు తడిని తన శాలువా అంచుతో తుడిచి, కాగితం నిలువుగా అద్ది, అరచేత్తో మధ్యలోంచి బయటికి నిమిరింది. అప్పుడే కింది మలుపులోంచి బండ్ల చప్పుడు వినబడింది.

ఒకటి వెనక ఒకటి వచ్చి గేటు ముందు ఆగాయి. ముందు బండివాడు హెల్మెట్టు అద్దం పైకెత్తాడు. నెరిసిన మీసాలు, నీళ్లు కారుతున్న మొహం. లెషెక్ అతనే. బోర్డు మీద మేకలాంటి మోటారు సైకిలును చూసి నవ్వబోయి, దాని కింద కాగితం చూసి ఆగిపోయాడు. బండివాడి ఫొటో. ఇంకా జిగురు తడి ఆరలేదు. ఆయన తన భాషలో నెమ్మదిగా మాట్లాడాడు. వీళ్ల భాషకి దగ్గరి చుట్టమే కాబట్టి అందరికీ అర్థమైంది. ఇంట్లో చావు జరిగినట్టుంది, ఇలాంటప్పుడు మేం రావడం పద్ధతి కాదు, కింద హోటలుంది, ఏమీ అనుకోకండి, అక్కడికి పోతాం అన్నాడు. వెనకవాళ్లకి చేత్తో సైగ చేశాడు. ఒకరిద్దరు బండ్లు తిప్పుకోవడం మొదలుపెట్టారు కూడా.

రెండేళ్ల కష్టం కళ్లముందే వెనక్కి తిరుగుతోంది. సెవ్దా మొగుడి వైపు చూసింది. మా ఇంట్లో చావేమీ లేదండీ, ఇది వేరేవాళ్లది, లోపలికి రండి. ఈ మాట చాలు వాళ్లు ఉండిపోవడానికి. అబద్ధం కూడా కాదు. దెల్చో ఆ మాటే అంటాడని ఆమె అనుకుంది. అంటే ఇక జన్మలో ఈ మనిషి మొహం చూడలేనని కూడా అనుకుంది.

దెల్చో కత్తి బకెట్లో వేశాడు.

"ఈ ఇంట్లో కాదు" అన్నాడు. కాగితం వైపు తిరిగి మళ్లీ మొదలుపెట్టాడు. "ఈ అబ్బాయి మీలాగే వానలో వచ్చాడు. బండి పెట్టుకోవడానికి చోటడిగాడు. నేనివ్వలేదు. ఆ కింద మలుపులో పోయాడు. మీరు పోవద్దు. ఈ వానలో ఎక్కడికీ పోవద్దు. బండ్లకి చోటుంది."

లెషెక్ కదల్లేదు. వెనకవాళ్లకి అర్థమయ్యేలా ఎవరో గొణుగుతూ చెప్పారు. ఒక్కొక్క బండే ఆగిపోయింది. 

వెలిచ్కా చేతికంటిన జిగురు తుడుచుకుంటూ మొదటిసారి అతని మొహంలోకి చూసింది. "నేనూ పొమ్మన్నాను" అంది. "ఫోన్లో. నువ్వు రోడ్డు మీద పెట్టమన్నావు, నేను రోడ్డు మీద పెట్టొద్దన్నాను. వాడు నా మాట విన్నాడు."

దెల్చోకి ఆ మాటలు ఎక్కడానికి కొంచెంసేపు పట్టింది. నోరు తెరుచుకుని ఆమెనే చూస్తూ ముక్కాలిపీట మీద కూలబడ్డాడు. పీట నిండా నీళ్లున్న సంగతి కూడా అతనికి తెలియలేదు. "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు.

"నువ్వు చింపుకుంటూ పోతే ఎప్పుడు చెప్పను?"

దెల్చో తల దించుకున్నాడు. అతని భుజాలు ఊగుతున్నాయి. సెవ్దా అతని పక్కకి పోలేదు. పోవాలనీ అనిపించలేదు, పోకూడదనీ అనిపించలేదు. గిన్నెలో వాన పడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచింది. లెషెక్ బండి దిగాడు. ఇంజను ఆపి, తోసుకుంటూనే లోపలికి నడిచాడు. మిగతావాళ్లూ అలాగే నడిచారు. వాకిలి బండల మీద నూనె, బురద గీతలు పడ్డాయి.

కొట్టంలో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. బండి నిలబెట్టి, వంగి, చెక్కముక్క స్టాండు కిందికి జరిపి, ఒకసారి ఊపి చూసి, పక్కకి జరగడం. ఒకరి తర్వాత ఒకరు అదే పని. తొడుగులు తాడు మీదికెక్కాయి. వెలిచ్కా గిన్నె పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లింది. తడిచేతులు చాచారు. చెంచాడు గోధుమలు పోసింది. ఏమనాలో లెషెక్ చూపించాడు. దేవుడు ఆ బిడ్డని క్షమించుగాక, అని అందరూ తమ భాషలో అన్నారు. చెంపలకి జుట్టు అంటుకుపోయిన ఒక ఆడమనిషి మాత్రం చేయి చాచకుండా, నేను తర్వాత తీసుకుంటాను, నా బండి ఇంకా బయటే ఉంది అంది. ఆమె దారిలో వీళ్లతో కలిసిన మనిషంట. ఆరు అనుకున్న చోట ఏడు బండ్లయ్యాయి.

కొట్టం నిండిపోయింది. దెల్చో గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు, లోపలికి రావడానికి అనుమతి లేనివాడిలా. పాకలో కట్టెలు జరుపుతాను, అక్కడ పెడదాం అని సణిగాడు.

వెలిచ్కా పొయ్యి దాకా వచ్చి ఆగింది. నిప్పు వెలుగులో ఊడ్చిన నేల, దాని మధ్యలో ఒక చెక్కముక్క. మిగతా ముక్కలన్నీ స్టాండ్ల కింద నలిగి, నూనె పీల్చి నల్లబడ్డాయి. ఇది కోసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది.

"ఇక్కడెవరు పెడతారు?" అని అడిగింది.

  "ఎవరూ పెట్టరు" అంది సెవ్దా. "కొట్టం బాగుచేసిన నాటి నుంచీ పెట్టనివ్వడు. ఎందుకో నాకు ఇవాళ్టిదాకా తెలీదు."

వెలిచ్కా ఆ చోటునే చూస్తూ నిలబడింది. గిన్నె ఒరిగి, గింజలు కొన్ని నేల మీద పడ్డాయి. ఇప్పుడు ఏడుస్తుందనుకుంది సెవ్దా. తిడుతుందనుకుంది. నిన్నటి నుంచీ తగిలిన దెబ్బల్లో ఇదే ఆఖరిది కావాలని మనసులో మొక్కుకుంది. వెలిచ్కా గుమ్మం వైపు తిరిగింది. బయట, చూరు దాటి, ఆ ఆడమనిషి బండి సీటు మీద వాననీళ్లు చిందుతున్నాయి.

"వెచ్చటి చోటు లోపల ఖాళీగా పెట్టుకుని, బండిని బయట తడుపుతావేంటయ్యా?" అంది దెల్చోతో. "లోపలికి తే."

దెల్చో కదిలాడు. వానలోకి పోయి ఆ బండి రెండు చేతులా పట్టుకుని, గడప మీద చక్రం ఎగరకుండా అడుగడుగూ ఆపుతూ లోపలికి తోశాడు. మిగతావాళ్లు తమ బండ్లు కొంచెం కొంచెం జరుపుకుని దారిచ్చారు. పొయ్యి పక్కకి తెచ్చి నిలబెట్టాడు. స్టాండు దించడానికి కాలు సాచాడు గానీ అక్కడ ఆగిపోయాడు. బండి బరువు చేతుల్లో మోస్తూ, నేల మీదికి చూడలేక కళ్లు మూసుకున్నాడు.

వెలిచ్కా గిన్నె పొయ్యి గట్టు మీద పెట్టింది. ఇందాకటి నుంచీ అందరూ చేసింది చూస్తూనే ఉంది కదా. మోకాలి మీద చెయ్యానించి వంగి, చెక్కముక్కని స్టాండు కిందికి జరిపి, "వదులు" అంది.

దెల్చో చేతులు వదిలాడు. బండి కొంచెం ఒరిగి, చెక్క మీద నిలబడింది.